గురువుగారి వేళ్లకు తెలిసిన చెమ్మ

1994 ఆగస్టు. బందరు కోర్టు ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపులో రెండు రోజులుగా ఒకే మిషన్ ముందు కూర్చున్నాను. పొద్దున షట్టర్ ఎత్తగానే మొదలు. పది కాగితాలు వెళ్తే రెండు ఇరుక్కుంటున్నాయి. మధ్యాహ్నానికి దానంతటదే బాగుపడుతోంది. మర్నాడు పొద్దున మళ్లీ అదే గోల. పికప్ రోలర్లు మార్చాను. కాగితం వెళ్లే దారంతా తుడిచాను. సెన్సర్లు చూశాను. మాన్యువల్లో పేపర్ జామ్ గురించి చెప్పినవన్నీ వరస తప్పకుండా చేశాను. బయట ముసురు, లోపల దస్తావేజుల కాపీల కోసం ప్లీడరు గుమాస్తాల తొందర. షాపు యజమాని నాతో మాట్లాడడం మానేశాడు.

మూడో రోజు విజయవాడ నుంచి మా సీనియర్ బస్సులో వచ్చారు. మేమంతా ఆయన్ని గురువుగారు అనేవాళ్లం. ఆయన మిషన్ తెరవనేలేదు. ట్రేలోంచి కాగితాల బొత్తి తీసి, అంచు మీద బొటనవేలు ఆడించి చెవి దగ్గర పెట్టుకున్నారు. తరవాత కొత్త రీము చింపి దాన్నీ అలాగే చేశారు.

"విన్నావా? ఇది గలగలలాడుతోంది. అది మూగగా ఉంది. కాగితం చెమ్మెక్కిందిరా" అన్నారు.

షాపువాళ్లు రాత్రి ట్రే నిండా కాగితం వదిలేసి తాళం వేసుకు వెళ్తున్నారు. సముద్రపు గాలికి తోడు ముసురు. తెల్లారేసరికి కాగితం మెత్తబడుతోంది. ఆ బొత్తి మధ్యాహ్నానికి అయిపోయి కొత్త రీము వేసేసరికి మిషన్ బాగైనట్టు కనిపిస్తోంది. "రాత్రి మూసేముందు ట్రే ఖాళీ చేసి, ఆ కాగితాన్ని ప్లాస్టిక్ సంచిలో కట్టి పెట్టండి" అని గురువుగారు షాపాయనకు చెప్పారు. అంతే, మరమ్మతు అయిపోయింది.

తిరుగు బస్సులో ఉండబట్టలేక అడిగాను. "కాగితాన్ని పొడిచోట ఉంచాలని మాన్యువల్లో నేనూ చదివాను గురువుగారూ. నాకెందుకు తట్టలేదు?"

"చదివావు, విన్లేదు. పోయినేడు అవనిగడ్డలో నాకూ ఇదే జరిగింది. మన టీ కొట్టు దగ్గర రెండుసార్లు చెప్పాను. నువ్వు టిఫిన్ చేసి నేరుగా రిపేరు కాల్‌కి పోతావు కదా, నీకెలా తెలుస్తుంది?" అన్నారు.

మర్నాటి నుంచి విజయవాడ గవర్నరుపేటలోని ఆ టీ కొట్టుకు వెళ్లడం మొదలుపెట్టాను. ఫోటోకాపీ మిషన్ల సర్వీసులో ముప్పై ఏళ్లకు పైగా గడిపాను. ట్రైనింగ్ సెంటర్‌లో నేర్చుకున్నదానికంటే ఆ కొట్టు బల్ల మీద నేర్చుకున్నదే ఎక్కువసార్లు నన్ను గట్టెక్కించింది. ఇవాళ పెద్ద సంస్థలు ‘నాలెడ్జ్ మేనేజ్‌మెంట్’ పేరుతో విభాగాలు పెడుతున్నాయి, సాఫ్ట్‌వేర్లు కొంటున్నాయి. అవన్నీ మా టీ కొట్టు ప్రశ్నకే జవాబు వెతుకుతున్నాయి. ఒక ఉద్యోగికి తెలిసింది, దాని అవసరం పడిన ఇంకో ఉద్యోగికి వేళకు చేరడమెలా?

టెక్నీషియన్ల వెంట తిరిగిన పరిశోధకుడు

జిరాక్స్ అనేది ఒక కంపెనీ పేరు. మనం ఆ పేరును ఫోటోకాపీకే పెట్టేసుకున్నాం. విశేషమేమంటే ఈ ప్రశ్నను అందరికంటే లోతుగా తవ్వింది కూడా ఆ కంపెనీవాళ్లే. కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో ఆ సంస్థకు పరిశోధనా కేంద్రం ఉండేది. అక్కడ పనిచేసిన జూలియన్ ఓర్ మనుషుల జీవన విధానాన్ని చదివే శాస్త్రజ్ఞుడు. 1980లలో ఆయన టెక్నీషియన్ల శిక్షణ తానూ తీసుకుని, మిషన్లు బాగుచేసేవారి వెంట ఆఫీసు ఆఫీసుకూ తిరిగారు. ఒక తెగ గురించి తెలుసుకోవాలంటే ఆ ఊళ్లో కాపురం పెట్టినట్టుగా, వాళ్లతో కలిసి తిన్నారు, వాళ్ల కబుర్లు విన్నారు.

కంపెనీ లెక్కలో ఆ పని చాలా తేలిక. మిషన్ ఒక ఎర్రర్ కోడ్ చూపిస్తుంది, మాన్యువల్ ఆ కోడ్‌కు మందు చెబుతుంది, టెక్నీషియన్ ఆ మందు వేస్తాడు. ఓర్ చూసింది వేరు. ఒక చోట మిషన్ చూపించే కోడ్ ఒకటి, అసలు జబ్బు ఇంకొకటి. వెళ్లిన టెక్నీషియన్‌కు అంతుపట్టలేదు, ఆయన పిలిపించిన నిపుణుడికీ పట్టలేదు. ఇద్దరూ మిషన్ పక్కనే నిలబడి, కాపీలు తీస్తూ, "నాకు ఫలానా చోట ఇలాంటిదే తగిలింది" అంటూ ఒకరి కథకు ఇంకొకరు కథ అందించుకుంటూ పోయారు. చివరికి ఆ కథల్లోంచే జబ్బు బయటపడింది. తరవాత అది టెక్నీషియన్లు కలుసుకునే చోట కొత్త కథై చేరింది. పైనుంచి చూసేవారికి అవి కాలక్షేపపు కబుర్లు. ఓర్ దృష్టిలో అదే అసలు పని. 1996లో ఆయన రాసిన ‘టాకింగ్ అబౌట్ మెషీన్స్’ అనే పుస్తకం సారం ఇదే.

ఆ పుస్తకం గురించి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. తెలిసినప్పుడు నాకు మా టీ కొట్టు బల్లే కళ్లముందు మెదిలింది. సముద్రాలకు ఆవల కూడా మాలాంటివాళ్లు మాలాగే నేర్చుకుంటున్నారు.

డబ్బు కాదు, పేరు

అదే కేంద్రంలోని కంప్యూటర్ శాస్త్రజ్ఞులు మొదట కృత్రిమ మేధతో, జబ్బును కనిపెట్టే ఒక ప్రోగ్రామ్ తయారుచేశారు. టెక్నీషియన్లకు చూపించారు. మాన్యువల్లో ఉన్నదాన్నే ఇది చెబుతోంది, మాకు కష్టం వచ్చేది మాన్యువల్లో లేనివాటితో అని వాళ్లు తేల్చేశారు. శాస్త్రజ్ఞులు ఆ మాట విన్నారు. ఫ్రాన్స్‌లోని టెక్నీషియన్లు సొంతంగా కనిపెట్టిన చిట్కాలను కాగితాల మీద రాసుకుని వెంట తిప్పుకుంటున్నారని గమనించారు. ఆ చిట్కాలనే ఒక చోట చేర్చే పద్ధతి కట్టారు. 1990ల మధ్యలో మొదలైన దాని పేరు ‘యురేకా’.

దాని నడక తేలికే. టెక్నీషియన్ తాను కనుక్కున్నది రాస్తాడు. అదే పనిలో చెయ్యి తిరిగిన తోటి టెక్నీషియన్లు దాన్ని పరీక్షిస్తారు, అవసరమైతే దిద్దుతారు. నిలబడితే, రాసినవాడి పేరుతో అందరికీ అందుతుంది. చిట్కాకు ఇంత అని డబ్బు ఇవ్వాలా అన్న చర్చ వచ్చింది. డబ్బు వద్దనుకున్నారు. డబ్బు పెడితే ఎన్ని రాశామన్నదే లెక్కవుతుంది, ఏం రాశామన్నది పక్కకు పోతుంది. రాసినవాడి పేరు కింద ఉంటే చాలు. తన పేరు మీద తప్పు చిట్కా తిరగడం ఎవరికీ ఇష్టం ఉండదు, మంచి చిట్కా తిరిగితే ఆ పేరుకు గౌరవం. యురేకా వల్ల సంస్థకు సుమారు 10 కోట్ల డాలర్లు మిగిలాయని అదే కేంద్రానికి అధిపతిగా ఉన్న జాన్ సీలీ బ్రౌన్, పాల్ దుగీద్‌తో కలిసి 2000లో రాసిన వ్యాసంలో అంచనా వేశారు.

పాయింట్ల దారి పట్టిన అనుభవం మన దేశంలోనే ఉంది. ఇన్ఫోసిస్ 2000ల మొదట్లో ‘నాలెడ్జ్ కరెన్సీ యూనిట్లు’ పెట్టింది. తమకు తెలిసింది రాసిన ఉద్యోగులకూ, దాన్ని చదివి పరిశీలించినవారికీ పాయింట్లు వచ్చేవి. వాటిని బహుమతులుగా మార్చుకోవచ్చు. రాతలు వెల్లువెత్తాయి. వెల్లువతో పాటు చెత్తా వచ్చింది. పనికొచ్చేది వెతుక్కోవడమే పనైపోయింది. రఘు గరుడ్, అరుణ్ కుమారస్వామి అనే పరిశోధకులు 2005లో ప్రచురించిన అధ్యయనంలో ఈ కథంతా ఉంది. ఆ సంస్థను మెచ్చుకోవలసిన విషయం కూడా అందులోనే ఉంది. పొరపాటు గుర్తించి నియమాలు మార్చుకున్నారు. ఎంత రాశారన్నదానికి విలువ తగ్గించి, వాడుకున్నవారికి ఎంత పనికొచ్చిందన్నదానికి విలువ పెంచారు.

చెబితే నష్టపోతామనే భయం

తెలిసి కూడా మనిషి ఎందుకు చెప్పడు? స్వార్థం అని సులువుగా అనేస్తాం. నేను చూసినంతలో స్వార్థంకన్నా భయమే ఎక్కువ.

నేను పనిచేసిన ఒక సంస్థలో 2003లో కొత్త పద్ధతి తెచ్చారు. రోజుకు ఎవరు ఎన్ని కాల్స్ ముగించారో లెక్క రాసి, నెలాఖరున గోడ మీద ర్యాంకులు అతికించేవారు. అడుగున ఉన్న ఇద్దరికీ ఇన్సెంటివ్ కోత. రెండు నెలలు తిరక్కుండా టీ కొట్టు బల్ల మూగబోయింది. వచ్చేవాళ్లు వస్తూనే ఉన్నారు, టీ తాగి క్రికెట్ మాట్లాడుకుని వెళ్తున్నారు. నా చిట్కాతో పక్కవాడు త్వరగా కాల్ ముగిస్తే, అడుగున మిగిలేది నేను.

ఆ రోజుల్లోనే నూజివీడు నుంచి ఒక జూనియర్ ఫోన్ చేశాడు. కాపీ మీద పైనుంచి కిందికి సన్నటి నల్ల గీత పడుతోంది, అద్దం ఎంత తుడిచినా పోవడం లేదు, ఏం చెయ్యాలన్నా అని అడిగాడు. పెద్ద అద్దం మీద కాగితం పెట్టి తీస్తే గీత రాదు, పైన ఫీడర్‌లో పెడితేనే వస్తుంది. అంటే పెద్ద అద్దం పక్కన వేలెడు వెడల్పు కూడా లేని సన్నటి అద్దం పట్టీ ఉంటుంది, దాని మీద ఎక్కడో ఆవగింజలో సగమంత మరక ఉందన్నమాట. సాధారణంగా అది దస్తావేజు మీద దిద్దిన వైట్నర్ ఆరకముందే ఫీడర్‌లో పెట్టడం వల్ల అంటుకున్న చుక్క. కాగితం కదులుతుంటే ఆ చుక్క కదలదు కాబట్టి గీతై సాగుతుంది. గోటితో గీరి, స్పిరిట్‌తో తుడిస్తే పోతుంది. ఇదంతా చెప్పడానికి అర నిమిషం చాలు. నేను "మాన్యువల్ చూడు తమ్ముడూ" అని ఫోన్ పెట్టేశాను. ఆ కుర్రాడు రోజంతా కష్టపడి డ్రమ్ము మార్చాడు. గీత పోలేదు. ఆ నెల ర్యాంకుల్లో అతనే అడుగున ఉన్నాడు. ఇరవై ఏళ్లు దాటినా ఆ ఫోన్ నాకు గుర్తొస్తూనే ఉంటుంది.

ఒక మాట దాటవలసిన గడప దాటకపోతే ప్రాణాలే పోతాయని విమానయానం నేర్చుకుంది. 1974 డిసెంబరు 1న టీడబ్ల్యూఏ సంస్థ విమానం వాషింగ్టన్ దగ్గర డల్లెస్ విమానాశ్రయానికి దిగుతూ, వర్జీనియాలోని ఒక కొండను ఢీకొట్టింది. అందులోని 92 మందీ చనిపోయారు. కంట్రోలర్ ఇచ్చిన అనుమతిని పైలట్లు ఒకలా అర్థం చేసుకుని, దిగకూడనంత కిందికి దిగారు. విచారణలో గుండె కలుక్కుమనే సంగతి బయటపడింది. అంతకు ఆరు వారాల ముందు అదే చోట, అదే పొరపాటుతో ఇంకో సంస్థ విమానం త్రుటిలో తప్పించుకుంది. ఆ పైలట్లు దాచలేదు, తమ సంస్థకు చెప్పారు. ఆ సంస్థ తన పైలట్లందరినీ హెచ్చరించింది. ఆ హెచ్చరిక ఆ సంస్థ గడప దాటి టీడబ్ల్యూఏ పైలట్లకు చేరలేదు.

ఆ తరవాత 1976లో అమెరికాలో ఒక పద్ధతి మొదలైంది. పైలట్లు, కంట్రోలర్లు తమ పొరపాట్లను, త్రుటిలో తప్పిన ప్రమాదాలను రాసి పంపవచ్చు. వాటిని అందుకునేది లైసెన్సు రద్దుచేసే అధికారం ఉన్న శాఖ కాదు, అంతరిక్ష పరిశోధన సంస్థ నాసా. రాసినవారి పేరు తీసేసి, అందులోని పాఠాన్ని మాత్రం అందరికీ పంచుతారు. కావాలని చేసిన తప్పు కాకుండా ఉండి, పది రోజుల్లోగా రాసి పంపితే, షరతులకు లోబడి శిక్ష నుంచి మినహాయింపు కూడా ఉంటుంది. శిక్షించే చెయ్యి, వినే చెవి ఒకరివే అయితే ఎవరూ నోరు విప్పరు. ఈ పద్ధతి అంతా ఆ ఒక్క ఎరుక మీద నిలబడింది.

పక్కన కూర్చుంటేనే వచ్చేది

కొంత జ్ఞానం కాగితం మీద ఒదుగుతుంది. కాపీ మీద మచ్చ పదే పదే పడుతుంటే స్కేలు పెట్టి కొలవాలి. మచ్చకూ మచ్చకూ 94 మిల్లీమీటర్ల దూరం ఉంటే, 30 మిల్లీమీటర్ల వ్యాసమున్న డ్రమ్ము మీద గాయమైందని అర్థం. ఆ డ్రమ్ము ఒక చుట్టు తిరిగితే అంతే దూరం. ఇది రాసి పంపితే శ్రీకాకుళంలో ఉన్నవాడైనా చేస్తాడు. కాగితం చెమ్మెక్కిన చప్పుడు మాత్రం రాస్తే రాదు. రాయలేని ఈ తెలివి గురించే మైకేల్ పొలానీ అనే తత్త్వవేత్త 1966లో ఒక చిన్న పుస్తకం రాశారు. మనిషికి తెలిసింది, అతను నోటితో చెప్పగలిగినదానికంటే ఎప్పుడూ ఎక్కువే ఉంటుందని ఆయన వాదన.

దీనికి జపాన్‌లో జరిగిన కథ ఒకటి నాకు చాలా ఇష్టం. 1985లో ఒసాకాలోని మత్సుషిత కంపెనీ ఇంట్లో రొట్టె చేసే మిషన్ తయారుచేస్తోంది. పిండి సరిగ్గా కలవడం లేదు. ఎక్స్‌రేలు తీసి పోల్చినా ఫలితం లేదు. ఇకుకో తనాకా అనే సాఫ్ట్‌వేర్ ఇంజినీరు, మంచి రొట్టెకు పేరున్న ఒసాకా ఇంటర్నేషనల్ హోటల్‌లోని ప్రధాన రొట్టెల మేస్త్రి దగ్గర శిష్యరికానికి చేరింది. ఆయన పిండిని సాగదీస్తూ ఒక రకంగా మెలితిప్పుతున్నాడని ఆమె కనిపెట్టింది. ఆ మెలిక ఆయన చేతికి తెలుసు, మాటల్లో చెప్పమంటే చెప్పలేడు. మిషన్ గిన్నె లోపల గట్లు పెట్టి ఆ మెలికను తెప్పించారు. 1987లో ఆ మిషన్ బజారులోకి వచ్చింది.

మన రైల్వే ఇదే సూత్రాన్ని నియమంగా పెట్టుకుంది. లోకో పైలట్‌కు ఎంత అనుభవమున్నా సరే, కొత్త సెక్షన్‌లో సొంతంగా బండి నడపాలంటే ముందు ఆ దారి నేర్చుకునే ట్రిప్పులు చెయ్యాలి. అందులో రాత్రి ట్రిప్పు కూడా ఉండాలి. దాన్ని ‘లెర్నింగ్ రోడ్’ అంటారు. ఆ సెక్షన్‌కు కొన్ని నెలలు దూరమైతే మళ్లీ నేర్చుకోవాల్సిందే. ఏ మలుపులో సిగ్నల్ ఆలస్యంగా కనిపిస్తుందో, ఎక్కడ బండి ముందుకు లాగుతుందో ఆ దారి తెలిసినవారితో వెళ్తేనే ఒంటికి పడుతుంది. ఆ ట్రిప్పులకు జీతం ఇస్తారు, డ్యూటీ కింద లెక్కేస్తారు. నేర్చుకునే వేళను పనివేళగా ఒప్పుకోవడం ఇందులో నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి.

శనివారం గంట

2006లో గురువుగారు రిటైరయ్యారు. వీడ్కోలు సభలో శాలువా కప్పాం, గోడ గడియారం ఇచ్చాం, ఫోటో దిగాం. ఆయనకు తెలిసింది ఒక్క పేజీ కూడా రాయించుకోలేదు, ఆయన పక్కన ఎవరినీ కూర్చోబెట్టలేదు. ఆ తరవాతి వర్షాకాలంలో ఎన్నిసార్లు ఆయన ఇంటికి ఫోన్ చేశానో నాకే తెలియదు.

2009లో పదకొండు మంది ఇంజినీర్ల టీము నా చేతికి వచ్చింది. ర్యాంకుల కాగితం అతికించలేదు. శనివారం పొద్దున ఒక గంట అందరం కూర్చునే పద్ధతి పెట్టాను. ఆ గంటలో కాల్స్ ఉండవు, అది డ్యూటీయే. ఆ వారం తనను ఓడించిన మిషన్ గురించి ఒక్కొక్కరూ చెప్పాలి. మొదట నేను చెప్పేవాణ్ణి. నూజివీడు ఫోన్ కథతోనే మొదటి శనివారం మొదలుపెట్టాను. పెద్దవాడు తన తప్పు చెప్పుకున్నాక చిన్నవాళ్లకు నోరు వస్తుంది. అక్కడ చెప్పిన పొరపాటుకు మెమో ఉండదని మాట ఇచ్చాను, ఆ టీమును నడిపిన పదేళ్లూ నిలబెట్టుకున్నాను.

చెప్పినవి రాసుకోవడానికి ఎర్ర అట్ట పుస్తకం ఒకటి పెట్టాం. చెప్పినవారి పేరు, తేదీ, మిషన్ మోడల్, కనిపించిన లక్షణం, మొదట ఏమనుకున్నాం, చివరికి ఏమిటి అని ఆరు గడులు. ఐదో గడి లేకుండా ఆ పుస్తకానికి విలువ లేదు. బందరులో నేను రోలర్ల తప్పు అనుకున్నాను. ఇంకొకరు కూడా మొదట అలాగే అనుకుంటారు. నేను పొరబడిన దారి రాసి ఉంటే అతను అక్కడే ఆగుతాడు. చాలా సంస్థల రికార్డుల్లో చివరి జవాబే ఉంటుంది, పొరబడ్డ దారి ఉండదు.

ఒక శనివారం కొత్తగా చేరిన అమ్మాయి సంకోచిస్తూ చెప్పింది. గన్నవరంలో ఒక బ్యాంకులో మిషన్ రోజూ పదిన్నర ప్రాంతంలో ఆగి మళ్లీ మొదలవుతోంది, బోర్డు మార్చాలేమో అని. ఐదు రోజుల టైములు కాగితం మీద రాసుకొచ్చింది. తెనాలి ఏరియా చూసే అబ్బాయి ఆ కాగితం చూసి, "పదిన్నరకు పెద్ద ఏసీ వేస్తారేమో చూడండి. అది మొదలవగానే కరెంటు ఒక్క క్షణం కుంగుతుంది. నాకు తెనాలిలో అలాగే అయింది" అన్నాడు. సోమవారం వెళ్లి చూస్తే అదే. మిషన్‌ను వేరే లైనుకు మార్పించారు. బోర్డు ఖర్చు మిగిలింది. నాకు ఖర్చుకంటే ఆ అమ్మాయి ముఖంలో వచ్చిన ధైర్యం ఎక్కువ. తరవాతి శనివారం చెయ్యెత్తిన మొదటి మనిషి ఆమే.

వాట్సాప్ వచ్చాక గ్రూపు పెట్టాం. ఫోటో పంపి ఇదేమిటని అడగడానికి దాన్ని మించింది లేదు. కానీ పండగ శుభాకాంక్షల కింద చిట్కా మునిగిపోతుంది, నెల తరవాత వెతికితే దొరకదు. అందుకని నెలకొకరు వంతు వేసుకుని పనికొచ్చినవి ఏరి పుస్తకంలోకి ఎక్కించేవాళ్లం. ఏరే పనికి కూడా డ్యూటీ టైమే ఇచ్చాం.

సాఫ్ట్‌వేర్ కొనాలా వద్దా అని నన్ను అడిగేవారికి నేనొకటే చెబుతాను. ముందు నాలుగు సంగతులు చూసుకోండి. చెప్పుకోవడానికి జీతమున్న వేళ ఉందా? చెప్పినవారి పేరు నిలుస్తోందా? పొరపాటు చెబితే శిక్ష లేదన్న నమ్మకం ఉందా? పక్కవాడు గెలిస్తే తను ఓడే లెక్క ఏదైనా గోడ మీద ఉందా? ఈ నాలుగూ సరిగా ఉంటే ఎర్ర అట్ట పుస్తకం చాలు. లేకపోతే ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొన్నా అది ఖాళీగానే ఉంటుంది.

మీ ఆఫీసులో, మీ వర్క్‌షాపులో, మీ బడిలో ఈ ఏడాది రిటైరయ్యేవారు ఎవరో ఒక్కసారి చూడండి. శాలువా కొనేముందే ఒక కుర్రవాణ్ణో అమ్మాయినో ఆయన పక్కన మూడు నెలలు కూర్చోబెట్టండి. మీ పనిలో మాకెవరికీ తెలియనిది ఏమిటో చెప్పండి అని ఆయన్ని అడగండి. మేము గురువుగారిని ఆ మాట అడగలేదు.